కష్టపడ్డ పిల్లల కథలు మన పిల్లలకి చెబుదాం

పిల్లలకి ఏ కథలు చెప్పాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు ముందుగా అనేది ఒకటుంది: "ఏడుపు కథలు మాత్రం వద్దండీ." ఆ మాట వెనక ఉన్న ప్రేమ నాకు తెలుసు. పెద్దయ్యాక కష్టాలు ఎలాగూ తప్పవు, ఈ నాలుగేళ్ళయినా వాళ్ళని హాయిగా ఉండనిద్దామన్న ఆరాటం అది. అయినా ఆ మాటని నేను ఒప్పుకోలేను. కష్టంలో పడి, భయపడి, ఏడ్చి, చివరికి ఎక్కడో ఒకచోట ధైర్యం కూడగట్టుకున్న పిల్లల కథలు మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. చెప్పాక వాళ్ళ పక్కన కాసేపు కూర్చోవాలి కూడా. ఎందుకు చెప్పాలో, ఎలా చెప్పాలో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందు మన పిల్లలు ఎలాంటి చోట పెరుగుతున్నారో చూడండి. శ్రీముఖలింగం చుట్టుపట్ల, వంశధారకి ఇరుపక్కలా ఉన్న ఊళ్ళు తిరిగితే, అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో భవనాల పనికి వలసపోగా తాత, మామ్మల దగ్గర పెరిగే పిల్లలు కనిపిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలోనే తీరం దాటింది. కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకి ఒరిగిపోయాయి. ఆ గాలికి బెదిరి అమ్మ ఒళ్ళో ముడుచుకున్న పసివాళ్ళు ఇప్పుడు హైస్కూలు పిల్లలు. ఉద్దానం వైపు ఊళ్ళలో, మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే తాతనో తండ్రినో రోజూ చూస్తూ బడికి వెళ్ళే పిల్లలున్నారు.

వీళ్ళకి మనం కష్టాన్ని పరిచయం చేయనక్కర్లేదు. అది ఇంట్లోనే ఉంది. దాని గురించి నోరు విప్పి మాట్లాడే సందర్భమే వాళ్ళకి దొరకడం లేదు. "నాన్న వెళ్ళిపోయాక నీకు ఎలా ఉంటోంది?" అని సూటిగా అడిగితే పిల్లవాడు తల దించుకుని "బాగానే ఉంది" అంటాడు. అదే కథలో పిల్లవాడికి ఎలా ఉండి ఉంటుందని అడిగి చూడండి. తన మనసులో ఉన్నదంతా వాడి పేరు మీద చెప్పేస్తాడు. కథ పిల్లలకి ఇచ్చే వెసులుబాటు ఇది. తన గుట్టు బయటపడకుండానే తన బాధ చెప్పుకోవచ్చు.

ఇంకొక సంగతి గమనించమంటాను. ఇలాంటి కథలు చదివేటప్పుడు మన చూపు పిల్లల మీదే ఉంటుంది. వాళ్ళెంత ధైర్యవంతులో చూసి మురిసిపోతాం. తల్లిదండ్రులుగా మనం చూడవలసింది ఆ పిల్లల పక్కన ఉన్న పెద్దవాళ్ళని. ఆ సమయానికి ఆ పెద్దవాళ్ళు ఏమన్నారు, ఏం చేశారు, ఏం చేయలేకపోయారు? మనకి కావలసిన పాఠం అక్కడుంది.

సునీతి అబద్ధం చెప్పలేదు

మనందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిన కథతోనే మొదలుపెడదాం. ధ్రువుడికి అయిదేళ్ళు. తండ్రి ఒళ్ళో తమ్ముడు ఉత్తముడు కూర్చుని ఉంటే తానూ ఎక్కబోయాడు. సవతి తల్లి సురుచి అడ్డం వచ్చింది. ఆ ఒళ్ళో కూర్చోవాలంటే నా కడుపున పుట్టాల్సిందని నలుగురిలో ఎత్తిపొడిచింది. తండ్రి ఉత్తానపాదుడు అక్కడే ఉన్నాడు, వింటున్నాడు, ఒక్క మాట అనలేదు. పిల్లవాడు ఏడుస్తూ కన్నతల్లి దగ్గరికి పరిగెత్తాడు.

ఇక్కడ సునీతి ఏం చేసిందో చూడండి. "ఏం లేదులే నాన్నా, ఆవిడ ఊరికే అంది" అని మభ్యపెట్టలేదు. "దాని సంగతి నువ్వు పెద్దయ్యాక తేల్చుకో" అని పగ నూరిపోయలేదు. తానూ కన్నీళ్ళు పెట్టుకుంది. తన చేతిలో అధికారం లేదన్న నిజాన్ని ఒప్పుకుంది. ఎదుటివాళ్ళకి చెడు తలపెట్టవద్దంది. నీ బాధ తీర్చగలవాడు ఒకడున్నాడు, అటు వెళ్ళు అని దారి చూపించింది. అయిదేళ్ళ పిల్లవాడు అడవికి బయలుదేరే ధైర్యం అక్కడ పుట్టింది. దారిలో నారదుడంతటి వాడు వెనక్కి వెళ్ళమన్నా వాడు వెళ్ళలేదు.

ఇంట్లో డబ్బుకి ఇబ్బంది వచ్చినప్పుడు, ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పిల్లలకి మనం చెప్పేది ఎక్కువగా "నీకెందుకు, నువ్వు చదువుకో" అన్న మాట. పిల్లలు ఆ మాట నమ్మరు. గోడ అవతల గుసగుసలు వింటారు, అమ్మ మెడలో పుస్తెలతాడు లేదని గమనిస్తారు, తెలియని మిగతా భాగాన్ని తమ ఊహతో నింపుకుంటారు. ఆ ఊహ నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. వయసుకి తగ్గ మాటల్లో నిజం చెప్పండి. "ఈ ఏడాది పంట పోయింది. ఖర్చులు తగ్గించుకోవాలి. నీ బడి మాత్రం ఆగదు." ఇంత చాలు.

ఉత్తానపాదుడి సంగతి కూడా వదిలేయకండి, ముఖ్యంగా నాన్నలు. ఆయన పిల్లవాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ కథలో ధ్రువుడికి తగిలిన దెబ్బలో సగం ఆయన మౌనానిదే. మన కళ్ళముందే చుట్టాలో ఇరుగుపొరుగో మన బిడ్డని రంగు గురించో మార్కుల గురించో చులకన చేసినప్పుడు మర్యాద కోసం నవ్వి ఊరుకుంటాం. బిడ్డ మాత్రం ఆ నవ్వుని మరిచిపోదు.

ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు ఆగాలి

నిజం చెప్పమన్నాను కదా అని తెలిసిందంతా ఒక్కసారే పిల్లల మీద గుమ్మరించనక్కర్లేదు. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో తన చిన్ననాటి జ్ఞాపకాలు పుస్తకంగా రాసింది. మన తెలుగులో అది 'రైలుబడి'గా వచ్చింది. కల్పన కాదు గానీ పిల్లలకి కథలాగే చదివించవచ్చు. అందులో టోటోచాన్ అన్న ముద్దుపేరుతో కనిపించే ఆ చిన్నారి అల్లరి భరించలేక ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపేస్తారు. ఆ సంగతి తల్లి ఆమెకి చెప్పలేదు. మరో బడికి వెళ్దామా అంది, అంతే. అసలు విషయం బయటపెట్టింది కూతురికి ఇరవై ఏళ్ళు వచ్చాక.

సునీతి చెప్పింది, టోటోచాన్ తల్లి చెప్పలేదు. ఇద్దరిదీ ఒప్పే. ధ్రువుడికి అవమానం జరిగిందని ధ్రువుడికి తెలుసు కాబట్టి దాచడంలో అర్థం లేదు. టోటోచాన్‌కి తనని వెళ్ళగొట్టారన్నదే తెలియదు. తెలిస్తే తాను చెడ్డపిల్లనన్న ముద్ర ఆ పసిమనసులో పడిపోయేది. పిల్లకి ఇప్పటికే తెలిసిన బాధని దాచకండి. మోయలేని కొత్త బరువుని తొందరపడి నెత్తిన పెట్టకండి. ఈ తేడా ఏ పుస్తకమూ మనకి లెక్కగట్టి ఇవ్వదు, బిడ్డ మొహం చూసి మనమే తెలుసుకోవాలి.

ఆ కొత్త బడిలో హెడ్మాస్టరు కొబయాషి మొదటిరోజు చేసిన పని కూడా గుర్తుంచుకోదగ్గది. ఆ పిల్లని కూర్చోబెట్టి, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమన్నాడు. ఆమె నాలుగు గంటలసేపు చెబుతూనే ఉంది, ఆయన విసుగు లేకుండా విన్నాడు. మన పిల్లలకి మనం నాలుగు గంటలు ఇవ్వలేకపోవచ్చు. పావుగంట ఇవ్వగలం. ఆ పావుగంట ఫోను పక్కన పెట్టేస్తే చాలు.

డబ్బు సంగతి అడిగిన తండ్రి

మన ఉత్తరాంధ్ర కథకుల్లో ఒకరైన, అందరూ చాసో అని పిలుచుకునే చాగంటి సోమయాజులు గారు 1915లో శ్రీకాకుళంలో పుట్టారు. విజయనగరంలో జీవించారు. ఆయన రాసిన 'ఎందుకు పారేస్తాను నాన్నా!' పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చదవవలసిన కథ. కృష్ణుడనే కుర్రాడికి చదువంటే ప్రాణం. చదివించే తాహతు లేక తండ్రి బడి మాన్పించేశాడు. చుట్టలు కొనుక్కు రమ్మని డబ్బులిచ్చి పంపాడు. తోటివాళ్ళంతా పుస్తకాలు పట్టుకు వెళ్ళే బడి దగ్గరికి వచ్చేసరికి కృష్ణుడికి కాళ్ళు ముందుకు సాగలేదు. వెతుక్కుంటూ వచ్చిన తండ్రి డబ్బులు పారేశావా అని అడుగుతాడు. కథకి పెట్టిన పేరు ఆ పిల్లవాడి జవాబు.

ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. పేదవాడు. ఇంటికి రావలసిన పిల్లవాడు రాకపోతే కంగారు పడ్డాడు. కానీ నోట వచ్చిన ప్రశ్న మాత్రం డబ్బు గురించి. కృష్ణుడు పోగొట్టుకున్నది అంతకన్నా పెద్దది. మనం కూడా ఇలాగే అడుగుతుంటాం. చినిగిన చొక్కాతో ఇంటికొస్తే "కొత్త చొక్కా చింపేశావా?" అంటాం. అది ఎవరితో గొడవపడి చినిగిందో తర్వాత అడుగుతాం, కొన్నిసార్లు అసలే అడగం. మార్కుల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అంకెలు చూస్తాం, తెచ్చి ఇచ్చిన చెయ్యి వణకడం చూడం.

ఈ కథ పిల్లలకి చదివి వినిపించాక "చూశావా, వాడికి చదువు లేదు, నీకు అన్నీ ఉన్నాయి, అయినా చదవవు" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో కథ కాస్తా కొరడాగా మారిపోతుంది. ఇక ఏ కథ మొదలుపెట్టినా చివర ఎక్కడ దెబ్బ పడుతుందో అని బిడ్డ కాచుకుని కూర్చుంటుంది. బదులుగా, "కృష్ణుడి వాళ్ళ నాన్న ఏం అడిగి ఉంటే బాగుండేది?" అని అడగండి. మీ బిడ్డ మీ నుంచి ఏ ప్రశ్న కోసం ఎదురుచూస్తోందో ఆ జవాబులో మీకు తెలిసిపోతుంది.

చాసో గారిదే 'కుంకుడాకు' అనే కథలో గవరమ్మ అనే పేదింటి పిల్ల ఉంది. పొయ్యిలోకి ఎండుటాకులు ఏరుకునే పిల్ల. ఆమె ఈడుదైన పారమ్మ బడికి పోతుంది. చేయని దొంగతనం అంటగట్టి కామందు కొడితే గవరమ్మ నోరు మూసుకుని పడి ఉండదు. ఆమె నోట వచ్చే మాటలు మన ఇళ్ళలో పిల్లలు అనకూడదని మనం చెప్పేవే కావచ్చు. అయినా అన్యాయం జరిగితే "ఇది అన్యాయం" అని గొంతెత్తడం ధైర్యమే అని పిల్లలకి చెప్పడానికి ఈ కథ మంచి తోడు. పెద్దవాళ్ళు ఏం చేసినా ఊరుకోవాలని నేర్చుకున్న పిల్ల, రేపు ఎవరైనా తప్పుగా చెయ్యి వేస్తే ఆ సంగతీ చెప్పుకోలేదు.

భయపడ్డ పిల్లవాడికి గిరీశమే దిక్కు

గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి మళ్ళీ రాశారు. అందులో టక్కరి గిరీశం మాటలకి మనం ఇప్పటికీ నవ్వుకుంటాం. ఆ నవ్వులో అతని శిష్యుడు వెంకటేశం మీద చూపు నిలపం. పరీక్ష తప్పాడు. తండ్రి అగ్నిహోత్రావధాన్లు కోపం ఎలాంటిదో వాడికి బాగా తెలుసు. ఇంటికి వెళ్ళి నిజం చెప్పడానికి గుండె చాలలేదు. సరిగ్గా అలాంటి సమయంలో గిరీశం వాడికి అండగా దొరికాడు. వాడి వెంట ఇంట్లోకీ వచ్చేశాడు.

నాటకం రాసి నూరేళ్ళు దాటినా ఈ సంగతి పాతబడలేదు. ఇంట్లో నిజం చెప్పే చోటు లేని పిల్లవాడు బయట ఎవరో ఒకరి చాటు వెతుక్కుంటాడు. ఇవాళ ఆ చాటు ఆన్‌లైన్ బెట్టింగు రూపంలో రావచ్చు, ఫోటోలు అడిగే అజ్ఞాత స్నేహితుడి రూపంలో రావచ్చు, అడగ్గానే అప్పిచ్చే లోన్ యాప్ రూపంలోనూ రావచ్చు. వాటిలో ప్రతిదీ పిల్లవాడితో మొదట చెప్పేది ఒకటే: "మీ ఇంట్లో చెప్పకు." మీ బిడ్డకి ఇంట్లో చెప్పుకోవడమే అలవాటైతే ఆ మాట దగ్గరే వాడికి అనుమానం వస్తుంది.

అందుకని, పరీక్షల ముందే, ఫలితాలు రాకముందే, ఇంట్లో ఒక మాట పైకి అని ఉంచండి. "తప్పినా సరే, పోగొట్టుకున్నా సరే, ఎవరైనా బెదిరించినా సరే, మొదట నాకు చెప్పు. ఆ రోజు నేను తిట్టను." అలా అన్నాక ఆ రోజు వచ్చినప్పుడు నిజంగానే తిట్టకండి. మందలించవలసింది ఉంటే మర్నాడు మందలించుకోవచ్చు. మొదటిసారి నిజం చెప్పిన రోజున పిల్లవాడికి ఏం ఎదురయిందో, రెండోసారి చెప్పాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేల్చుకుంటాడు.

పూర్ణమ్మ కథ చెప్పేటప్పుడు

ధైర్యం గెలిచిన కథలే కాదు, గెలవని కథలూ మన దగ్గరున్నాయి. గురజాడ వారి పూర్ణమ్మ అలాంటిది. పూజారి ఇంటి ఆడపిల్లని ఒక ముసలివాడికి కట్టబెడతారు. ఆ పిల్ల అందరికీ అప్పగింతలు చెప్పుకుని కోనేటి వైపు వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. పాటగా మనలో చాలామందికి నోటికి వచ్చు. బడుల్లో పాడిస్తారు కూడా.

ఈ కథని పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చినవాళ్ళకి చెప్పండి, అదీ మీరు పక్కన ఉండి చెప్పండి. పూర్ణమ్మ దేవతలో కలిసిపోయిందన్న అందమైన ఊహ దగ్గర ఆపేయకండి. ఆ పిల్ల అంత బాధపడుతుంటే అమ్మ ఉంది, అయ్య ఉన్నాడు, అన్నదమ్ములున్నారు, ఒక్కరూ అడగలేదు. గురజాడ మనల్ని నిలదీసింది అక్కడే. చావుని ధైర్యమని పొరపాటున కూడా అనకండి. "ఆ అమ్మాయికి చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు. నీకు నేనున్నాను. నువ్వు చెప్పేది ఎంత కష్టమైనా వింటాను" అని ఆ పూటే, అంతే స్పష్టంగా చెప్పండి. ఇంటర్ ఫలితాల రోజుల్లో మన రాష్ట్రంలో ఏయే ఇళ్ళలో ఏం జరుగుతోందో ఏటా చూస్తున్నాం. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడే సమయం మనకి లేదు.

మీ బిడ్డ తిండి మానేసి, నిద్ర లేక, ఎవరితోనూ కలవక, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు అంటుంటే కథల మీద ఆధారపడకండి. ఒంటరిగా వదలకండి, డాక్టరుకి చూపించండి. టెలిమానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే 1098కి చెప్పవచ్చు. ఈ రెండు నంబర్లూ పిల్లలకి కూడా నేర్పించండి.

ఏ వయసుకి ఏ కథ

అయిదారేళ్ళ పిల్లలకి కష్టం చిన్నదిగా, ముగింపు చల్లగా ఉండాలి. వాళ్ళు మధ్యలో బెదిరితే "చివరికి బాగానే ఉంటుందిలే" అని ముందే చెప్పేయవచ్చు, కథేమీ చెడిపోదు. శివరాత్రి జాతరకో, చక్రతీర్థ స్నానాలకో ముఖలింగం వెళ్ళినప్పుడు గుళ్ళో ఉన్న పెద్ద గోలెం వాళ్ళకి చూపించండి. బిడ్డ కోసం మొక్కుకున్న కుమ్మరి, బిడ్డ పుట్టాక మొక్కు తీర్చడానికి అంత గోలెం చేశాడట. తీరా తెస్తే గుమ్మంలో పట్టలేదట. కుమిలిపోయి పడుకుంటే తెల్లారేసరికి గోలెం లోపల ఉందట. "అంత కష్టపడి చేశాక గుమ్మంలో పట్టకపోతే ఆయనకి ఎలా ఉండి ఉంటుంది?" అని అడగండి. ఆ ప్రశ్నకి అయిదేళ్ళ పిల్లలు కూడా జవాబు చెబుతారు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి ధ్రువుడు, 'రైలుబడి', చాసో గారి కృష్ణుడు సరిపోతారు. రాక్షసుల్నీ మాంత్రికుల్నీ జయించే వీరుల కథలు కూడా ఈ వయసులో ఎన్ని కావాలంటే అన్ని చదవనివ్వండి. 1947 జూలైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన 'తోకచుక్క', 'శిథిలాలయం' లాంటి ధారావాహికలు ఎన్ని తరాల పిల్లల్ని నెల నెలా ఎదురుచూసేలా చేశాయో మీకు తెలుసు. కత్తి పట్టిన ధైర్యం చదవడం హాయిగా ఉంటుంది. దానికి తోడు, కత్తి లేని పిల్లల ధైర్యం కూడా వాళ్ళకి కనబడాలి. తప్పు ఒప్పుకోవడం, సాయం అడగడం, ఒంటరిగా కూర్చున్న తోటిపిల్ల పక్కకి వెళ్ళి కూర్చోవడం, ఏడుపొస్తే దాచుకోకుండా ఏడవడం కూడా గుండె ఉన్నవాళ్ళు చేసే పనులే. మగపిల్లలకి ఈ చివరి సంగతి రెండుసార్లు చెప్పండి.

హైస్కూలు వయసు వాళ్ళకి 'కన్యాశుల్కం', పూర్ణమ్మ, కారా మాస్టారి కథలు అందించండి. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, మన జిల్లా మురపాకకి చెందినవారు. తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలని శ్రీకాకుళంలో ఆయన స్థాపించిన కథానిలయం 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచింది. ముఖలింగం నుంచి యాభై కిలోమీటర్ల లోపే. ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి. మన ఊళ్ళలాంటి ఊళ్ళ గురించి, మనలాంటి మనుషుల గురించి ఇన్ని వేల కథలున్నాయా అని వాళ్ళు తెలుసుకోవడమే ఒక బలం.

మన మాటల్లోనే చెప్పండి

"నాకు చదువు రాదు, నేనేం చెప్పగలను?" అనే అమ్మలున్నారు. చదువు వచ్చిన బిడ్డ చేత చదివించుకుని వినండి. అమ్మకి తెలియనిది తాను వినిపిస్తున్నానన్న గౌరవం ఆ బిడ్డకి దక్కుతుంది. వింటూ మీకు అనిపించింది మీరు అనండి. మీరు పడ్డ కష్టం చెప్పండి. పుస్తకం భాషలో చెప్పాలని తంటాలు పడకండి. "ఏటి బాబూ, ఆ గుంటడికి ఎంత బెంగొచ్చుంటాదో" అన్న మామ్మ మాటలో ఉన్న దగ్గరతనం ఏ పుస్తకంలోనూ దొరకదు.

వలసపోయిన అమ్మానాన్నలు ఫోన్లో రోజూ అడిగేవి రెండే ఉంటాయి: తిన్నావా, చదివావా. వారానికి ఒక్క రోజు మూడో ప్రశ్న చేర్చండి: "ఈ వారం ఏ కథ చదివావు? నాకు చెప్పు." పిల్లవాడు చెబుతుంటే మధ్యలో అడ్డురాకండి. దూరాన ఉన్న నాన్న తన మాట కోసం ఆగి వింటున్నాడని తెలిస్తే, ఆ పిల్లవాడు మిగతా సంగతులు కూడా ఒకనాడు అదే ఫోన్లో చెబుతాడు.

కథ అయ్యాక నీతి అడగకండి. బడిలో ఎలాగూ అడుగుతారు. ఇంట్లో "నీకు ఎక్కడ బాధేసింది?" అనో, "ఎవరి మీద కోపం వచ్చింది?" అనో అడగండి. ఏమీ చెప్పకుండా అటు తిరిగి పడుకుంటే పడుకోనివ్వండి. కొన్ని కథలు పిల్లల మనసులో చాలాకాలం నానాక, మనం మరిచిపోయిన తర్వాత, ఏ కూర తరుగుతున్నప్పుడో ఒక ప్రశ్నగా బయటికొస్తాయి. అప్పుడు కత్తిపీట పక్కన పెట్టి జవాబు చెప్పండి.

కథ కాని కథ

చివరగా, మన పక్క ఊరి పిల్లవాడి సంగతి చెబుతాను. ఇది కల్పన కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారి నాన్న, ఆయన చిన్నతనంలోనే, 1875లో చనిపోయారు. విజయనగరంలో మేనమామ గారు తమ ఇంట పెట్టుకుని చదివించారు. 1880కల్లా ఆ కుర్రాడు పర్లాకిమిడిలో బడిపంతులుగా కుదురుకున్నాడు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాల లిపిని ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే చదవడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకాలు తయారుచేశాడు. తెలుగువాళ్ళు మాట్లాడుకునే భాషలోనే చదువూ రాతా ఉండాలని జీవితాంతం పోరాడాడు. ఆయన పుట్టినరోజునే ఇవాళ తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

తండ్రి లేని ఆ పిల్లవాడికి చదువుకోవడానికి ఒక నీడ దొరికింది. పెద్దయ్యాక అతను ఎవరూ వినని పిల్లల మాట విన్నాడు. ఈ సంగతి మీ పిల్లలకి చెప్పండి, మీరూ గుర్తుంచుకోండి. పిల్లల ధైర్యం వెనక చాలాసార్లు ఒక పెద్ద మనిషి ఉంటారు. సునీతిలా నిజం చెప్పిన తల్లి కావచ్చు, నాలుగు గంటలు ఓపికగా విన్న పంతులు కావచ్చు, ఇంట్లో చోటిచ్చిన మేనమామ కావచ్చు. అలాంటి పెద్దవాళ్ళు లేని చోట పూర్ణమ్మలు మిగలరు, వెంకటేశాలు గిరీశాల పాలవుతారు.

కష్టం మీ బిడ్డ జీవితంలోకి రాకుండా మీరు ఆపలేరు. అది వచ్చిన రోజున బిడ్డ ముందు మీ దగ్గరికి వచ్చేలా మాత్రం చేయగలరు. ఆ అలవాటు ఒక్కరోజులో పడదు, కథ వెనక కథగా, రాత్రి వెనక రాత్రిగా పడుతుంది. అందుకే ఈ వారమే ఒక కథ ఎంచుకోండి. చదవండి, చదివించుకోండి, విన్నాక బిడ్డని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ఎంతసేపు సాగినా పూర్తిగా వినండి.